గీత ఆరలేదు, తొక్కకండి

ఊరెళ్లి వచ్చినవాడికి తన మంచం మీద ఎవరో ముసుగుతన్ని నిద్రపోతూ కనిపిస్తే ఎలా ఉంటుంది? ఆ పొద్దున క్లబ్బులో రెండో కోర్టు గేటు తోసుకుని లోపలికి అడుగుపెట్టిన చిన్న కోచ్‌కి అచ్చం అలాగే ఉంది.

భుజాన బంతుల బుట్ట, చంకలో రాకెట్టు, పెదాల మీద ఈల. ఈల సగంలో ఆగిపోయింది. బుట్ట జారిపోయింది. బంతులన్నీ తలో దిక్కుకూ పరుగులు తీశాయి.

కోర్టు మీద పసుపు గీతలు! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెల్లగీతలు తప్ప మరోటి చూడని టెన్నిస్ కోర్టులో, ఎవరో పిల్లలు తొక్కుడు బిళ్ల ఆడుకోవడానికి గీసుకున్నట్టు బుల్లి బుల్లి గడులు. ఆ గడుల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో బ్రష్షుతో, ముక్కు మీద పసుపు మరకతో ఒక అమ్మాయి.

"ఏం చేస్తున్నారండీ ఇక్కడ?" అన్నాడు. గట్టిగా అరవాలనే అనుకున్నాడు కానీ, షాక్‌లో గొంతు పీలగా వచ్చింది.

"గీత గీస్తున్నా," అంది ఆ అమ్మాయి తలెత్తకుండా. "ఆరలేదు, తొక్కకండి."

చెప్పడం ఆలస్యమైంది. అప్పటికే తొక్కేశాడు. తెల్లబూటు ముందు భాగమంతా పసుపైంది. గీత మీద బూటు అచ్చు పడింది.

ఆ అమ్మాయి అచ్చును చూసింది, బూటును చూసింది, ఆ తర్వాత తీరిగ్గా మనిషిని చూసింది. ఆ చూపు కిందినుంచి పైకి వస్తుంటే చిన్న కోచ్‌కి ఇవాళ తల దువ్వుకున్నానా లేదా అని అనుమానం వచ్చింది. కోపంలో ఉన్నవాడికి రాకూడని అనుమానం అది.

"ఇంత పొడుగుంటే కింద ఏముందో కనపడదు కాబోలు," అంది.

"ఇది టెన్నిస్ కోర్టండీ!"

"కాదని ఎవరన్నారు? ఇందులో పికిల్‌బాల్ కోర్టులు నాలుగు పడతాయి. ప్రస్తుతానికి ఒకటి చాలన్నారు సెక్రటరీ గారు."

"పికిల్‌బాలా!" చిన్న కోచ్ నోరు వెళ్లబెట్టాడు. తెడ్డులాంటి ప్యాడిల్‌తో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో, టకటకమంటూ ఆడే ఆ ఆట గురించి వినకపోలేదు. చూశాడు కూడా. "అది ఆటేంటండీ! టెన్నిస్ రానివాళ్లూ, షటిల్ రానివాళ్లూ, టేబుల్ టెన్నిస్ రానివాళ్లూ కలిసి పెట్టుకున్న సంఘం."

కోపం వస్తుందనుకున్నాడు. ఆ అమ్మాయి పకపకా నవ్వింది.

"మీరు చిన్న కోచ్ కదూ? మీ సర్వీస్ కంటే మీ నోరు ఫాస్టని విన్నాను. నిజమే."

"ఎవరన్నారు?"

ఆ అమ్మాయి ఠక్కున నాలిక కరుచుకుంది. "ఎవరో. అందరూ అంటుంటారు. నేను ఎదురుగా ఉన్న క్లినిక్‌లో ఫిజియోని. నా పేషెంట్లు రేపట్నుంచి పొద్దుటి పూట ఇక్కడ ఆడతారు. కాస్త ఆ కాలు తీస్తే ఈ గీత సరిచేసుకుంటా."

కాలు తీశాడు. తీసినందుకు తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

*

సెక్రటరీ గారు ఎవరేం చెప్పినా "అలాగంటారా? నిజమే సుమా" అనే మనిషి. అందుకే ప్రతిసారీ ఆయన ఏకగ్రీవంగా ఎన్నికవుతారు. చిన్న కోచ్ ఆయన గదిలోకి దూసుకెళ్లి బల్ల గుద్దినంత పని చేశాడు.

"అలాగంటారా? నిజమే సుమా," అన్నారాయన. "కానీ ఆ అమ్మాయి చెప్పినప్పుడు అదీ నిజమేననిపించింది. మీరు పొద్దున్నే స్కూల్లో పిల్లలకి నేర్పడానికి వెళ్తారు కదా, అప్పుడు కోర్టు ఖాళీగానే ఉంటుంది. అవి ఉత్త సుద్దరంగు గీతలు. నీళ్లు తగిలితే పోతాయి."

"పోతే సరే."

"వానలు వెళ్లాక ఆ కోర్టు తవ్వి కొత్తగా వేయిస్తున్నాం. అప్పుడు టెన్నిస్‌కి ఉంచాలా, పికిల్‌బాల్‌కి ఇచ్చెయ్యాలా అన్నది కమిటీ తేలుస్తుంది. ఏదైతే అది ఇక పర్మనెంటు."

చిన్న కోచ్ కుర్చీలో కూలబడ్డాడు.

క్లబ్బులో కోర్టులు రెండు. మొదటిదాని మీద అతనికి పట్టింపు లేదు. రెండోది వేరు. అది పెద్ద కోచ్ కోర్టు. అంటే వాళ్ల నాన్నది. ఆయన జీవితమంతా ఆ కోర్టులోనే పాఠాలు చెప్పాడు. కొడుక్కి నడకా అక్కడే వచ్చింది, బ్యాక్‌హ్యాండూ అక్కడే వచ్చింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయన మళ్లీ క్లబ్బు గడప తొక్కలేదు. రాకెట్టు బీరువా మీదకి ఎక్కింది. టీవీలో టెన్నిస్ వస్తే ఛానల్ మార్చేస్తాడు. మాటలు ఊఁకీ ఉహూకీ తగ్గిపోయాయి.

చిన్న కోచ్ మాత్రం ఆ కోర్టుని రోజూ సాయంత్రం తనే ఊడుస్తాడు. నెట్టు వదులైతే బిగిస్తాడు. ఆయన తువ్వాలు తగిలించుకునే మేకు తుప్పు పడితే గీకి రంగు వేశాడు. అన్నీ ఎప్పటిలా ఉంటే ఏదో ఒక రోజు ఆయన తిరిగి వస్తాడని అతని నమ్మకం. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర విషయం కక్కేశాడు.

"నాన్నా, మీ కోర్టు మీద పసుపు గీతలు గీశారు."

అమ్మ చేతిలో గరిట గిన్నెకి తగిలి టంగుమంది. నాన్న ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"ఊఁ."

"ఊఁ ఏంటి నాన్నా! పికిల్‌బాల్ అట! ఎవరో ఫిజియో అట!"

నాన్న కాసేపు ఆలోచించాడు. "గీతలు వంకరగా ఉన్నాయా?"

"లేవు. తిన్నగానే ఉన్నాయి."

"ఊఁ," అని లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

చిన్న కోచ్ తల్లివైపు తిరిగాడు. "అమ్మా, నాన్నకి చీమ కుట్టినట్టయినా లేదేంటి?"

"నీకు కుట్టింది చాల్లేరా," అంది అమ్మ. "పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లి అలిసిపోయి వచ్చారు. ఆయన్ని విసిగించకు."

*

వానలు కూడా చిన్న కోచ్ పక్షానే ఉన్నాయి. రెండు రోజులకోసారి కురిసి గీతల్ని కడిగేసేవి. అతను మొదటి కోర్టులో సాయంత్రం పిల్లలకి పాఠం చెబుతూ, ఖాళీ అయిన రెండో కోర్టుని చూసి మురిసిపోయేవాడు. ఇంతలో క్లినిక్ తలుపులు మూసి ఫిజియో వచ్చేది. ఒక చేతిలో సుద్దరంగు డబ్బా, ఇంకో చేతిలో దారపు ఉండ. మళ్లీ మొదటికి.

"విసుగు రాదా మీకు?" అని అడిగాడొకసారి కంచె అవతలి నుంచి.

"ఒక్క మోకాలు వంగడానికి నెలలు పడుతుంది. నాకు విసుగొస్తే మా పేషెంట్లు ఎలా నడుస్తారు?"

చిన్న కోచ్ వెనక్కి తిరిగి పిల్లలకి బంతులు అందించసాగాడు. 

ఇంకోసారి గాలికి దారం నిలవడం లేదు. ఒక కొస కోర్టు పక్కన మట్టిలో దిగేసిన మేకుకి కట్టి రెండో కొస లాగేసరికి మేకు ఊడి వస్తోంది. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది. కనుచూపు మేరలో చిన్న కోచ్ తప్ప నరమానవుడు లేడు.

"ఆ కొస కాస్త పట్టుకుంటారా?"

"నేనా!"

"మేకు పొట్టిగా ఉంది. మీరైతే పొడుగు."

వెళ్లి పట్టుకున్నాడు. తన గొయ్యికి తనే కొలతలు పట్టిన మగాడు లోకంలో ఇంకొకడు ఉండడని అతనికి తెలుసు. అయినా దారం అవతలి కొసన ఆ అమ్మాయి వేళ్లు కదిలినప్పుడల్లా ఇవతల తన వేళ్లకి తెలుస్తుంటే, మేకులా కదలకుండా నిలబడ్డాడు. సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

"ఒకసారి ఆడి చూడండి," అంది గీత పూర్తయ్యాక, ప్యాడిల్ అందిస్తూ. "తిట్టేది ఏంటో తెలిసి తిడితే బావుంటుంది."

ఆడాడు. మొదటి బంతిని టెన్నిస్ అలవాటుతో భుజం తిప్పి బాదాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం! బంతి కంచె దాటి క్లినిక్ మేడ మీద పడింది. రెండోది పగిలింది. మూడోసారి నెట్టు మీదకి దూకి, గాలిలోనే బంతిని పట్టి కొట్టి, గెలిచినట్టు పిడికిలి బిగించాడు.

"పాయింటు నాది," అంది ఫిజియో.

"ఎలా?"

"కాళ్లు చూసుకోండి. నెట్టు ముందున్న ఈ గడిని కిచెన్ అంటారు. ఇందులో నిలబడి బంతి నేల తాకకుండా కొట్టకూడదు. టెన్నిస్ వాళ్లందరూ చేసే తప్పే ఇది."

"ఇన్నేళ్లూ నెట్టు దగ్గరికి పరిగెత్తు, పరిగెత్తు అని నేర్పించి, ఇప్పుడు ఆగమంటే కాళ్లు వింటాయా?"

"వినకపోతే కట్టుకడతా. అది నా వృత్తే."

చిన్న కోచ్ నవ్వేశాడు. నవ్వాక, శత్రువు దగ్గర నవ్వుతున్నానన్న సంగతి గుర్తొచ్చి మొహం గంటు పెట్టుకున్నాడు. ఇంతలో ఆ అమ్మాయి కొట్టిన బంతి మూలన గీత పక్కన పడింది.

"లోపలా, బయటా?" అని అడిగింది. "ఇక్కడ అంపైర్ ఉన్నా గీతల సంగతి ఆటగాళ్లదే. బంతి ఎవరి వైపు పడితే వాళ్లే చెప్పాలి."

"సరిగ్గా కనపడలేదు."

"అయితే నాది. అనుమానం ఉంటే అవతలివాడిదే."

చిన్న కోచ్ కొయ్యబారిపోయాడు. "ఆ మాట... ఆ మాట మా నాన్నది! మాకు మొదటిరోజే నేర్పారు. మీకెలా తెలుసు?"

ఫిజియో వంగి డబ్బా మూత గట్టిగా బిగించడంలో పడింది. "మంచి మాటలు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. వాన పెద్దదవుతోంది, వెళ్తా."

*

అంత సజావుగా సాగుతున్న దాన్ని చెడగొట్టుకోవాలంటే అతని నోరే సరిపోయింది.

కమిటీ కూర్చునే ఆదివారం దగ్గర పడింది. ఆ సాయంత్రం సెక్రటరీ గారి గదిలో అందరూ ఉన్నారు. పికిల్‌బాల్ వాళ్ల తరఫున రిటైరైన పళ్ల డాక్టరమ్మ గలగలా మాట్లాడుతోంది. పొద్దుటి ఆటకి ఎంతమంది వస్తున్నారో, ఎంత హుషారుగా ఉంటున్నారో చెబుతోంది. సెక్రటరీ గారి తల ఒప్పుకోలుగా ఊగుతోంది. కోర్టు చేజారిపోతోందని చిన్న కోచ్‌కి అర్థమైంది. పెద్ద కోచ్ తువ్వాలు మేకు కళ్లముందు మెదిలింది.

"మూలన కూర్చోవాల్సిన వాళ్లందరినీ పోగేసుకొచ్చి ఎగిరిస్తే అది ఆటైపోతుందా?" అన్నాడు.

 ఫిజియో మొహంలో రంగు పోయింది.  చాలాసేపు అతని వైపే చూసింది.

"ఆ మాట ఆదివారం కోర్టులో అనండి," అంది చివరికి. "మ్యాచ్ ఆడదాం. డబుల్స్. మీరు గెలిస్తే గీతలు నేనే కడిగేస్తా."

"మీ ఆటే ఆడతా! ఓడితే కోర్టు మీకే!" అన్నాడు. అనేశాక తనేమన్నాడో తనకే వినపడి నిలువునా నీరుగారిపోయాడు.

సెక్రటరీ గారు మాత్రం లేచి నిలబడ్డారు. తనేమీ తేల్చక్కర్లేని తీర్పు దొరికితే ఆయనకి పండగే. "భేషుగ్గా ఉంది! కమిటీ మీ మ్యాచ్‌కే వదిలేస్తుంది. చిన్న కోచ్ పక్కన నేను ఆడతా."

"మీ పార్ట్‌నర్ ఎవరు?" అని ఫిజియోని అడిగాడు చిన్న కోచ్ నీరసంగా.

"ఇంకా ఒప్పుకోలేదు. ఇప్పుడు మీరన్న మాట చెబితే ఒప్పుకుంటారు."

*

ఆదివారం ఆకాశం మబ్బు పట్టి ఉంది. గాలిలో తేమకి పొద్దున్న గీసిన గీతలు ఇంకా ఆరలేదు. కోర్టుకి ఒకపక్క టెన్నిస్ వాళ్లు, ఇంకోపక్క పికిల్‌బాల్ వాళ్లు పెళ్లివారిలా చేరారు. పళ్ల డాక్టరమ్మ అంపైర్ కుర్చీ ఎక్కింది. మొదటి వరసలో కాఫీ ఫ్లాస్కుతో కూర్చున్న మనిషిని చూసి చిన్న కోచ్ కళ్లు నులుముకున్నాడు.

"అమ్మా! నువ్వేంటి ఇక్కడ?"

"మ్యాచ్ చూడ్డానికొచ్చా. రాకూడదా?"

"నా మ్యాచ్‌లు ఎప్పుడూ చూడవు కదా! టెన్షనంటావు కదా!"

"నీ మ్యాచ్ కోసం ఎవరొచ్చార్రా?" అంది అమ్మ, గేటు వైపు చూస్తూ.

గేటు తెరుచుకుంది. ఫిజియో వచ్చింది. ఆమె పక్కన నిక్కరు వేసుకుని, మోకాలి మీద నిలువునా ఆపరేషన్ గీతతో, చేతిలో ప్యాడిల్‌తో ఒక పెద్దాయన నడిచి వస్తున్నాడు. నడకలో చిన్న కుంటు ఉంది. మొహంలో మాత్రం కొత్త పెళ్లికొడుకు సిగ్గు.

చిన్న కోచ్ చేతిలో ప్యాడిల్ కింద పడింది.

"నాన్నా!"

పెద్ద కోచ్ నేరుగా వెళ్లి తన తువ్వాలుని తన మేకుకి తగిలించాడు. "రంగు వేశావే," అన్నాడు మేకుని తడిమి. తర్వాత కోర్టులోకి వచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, మీ మోకాలు..."

"నా మోకాలి సంగతి నేను చూసుకుంటా. నీ కాళ్లు కిచెన్‌లో పడకుండా నువ్వు చూసుకో. మూలన కూర్చోవాల్సిన వాళ్లతో ఆడుతున్నావు, జాగ్రత్త."

భూమి రెండుగా చీలితే బాగుండనిపించింది చిన్న కోచ్‌కి. తను అన్న మాట ఎవరిని తాకిందో, ఆ రోజు ఆ అమ్మాయి మొహం ఎందుకు పాలిపోయిందో ఇప్పుడు తెలిసింది. ఫిజియో వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది.

ఆట మొదలైంది. సగం ఆట అతనికి గుర్తులేదు. బంతి వస్తోంది, కొడుతున్నాడు, అంతే. కళ్లు మాత్రం అవతలున్న మనిషి మీదే ఉన్నాయి. ఊఁ అనడానికి కూడా బద్ధకించే మనిషి అక్కడ "నాది! నాది!" అని కేకలేస్తున్నాడు. మెత్తగా నెట్టు దాటించి, బంతి అందక సెక్రటరీ గారు బోర్లా పడబోతే పడీ పడీ నవ్వుతున్నాడు. నాన్న నవ్వు విని ఎన్నాళ్లయిందో!

సెక్రటరీ గారు తన సిద్ధాంతం తప్పకుండా, ఏ బంతి వచ్చినా "మీదే! మీదే!" అంటున్నారు. ఇద్దరి ఆటా ఒక్కడే ఆడాల్సి రావడంతో చిన్న కోచ్‌కి మెల్లగా మెలకువ వచ్చింది. స్కోరు దగ్గర పడింది.

మధ్యలో అటువాళ్లు ఇటూ ఇటువాళ్లు అటూ మారుతున్నప్పుడు నెట్టు పక్కన తండ్రీకొడుకులు ఎదురుపడ్డారు.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

"వానలకి ముందునుంచే. మొదట క్లినిక్ మేడ మీద. తర్వాత ఇక్కడ."

"వాకింగ్ అన్నారు!"

"కొంచెం నడిచేవాణ్ణి కూడా."

"నాకెందుకు చెప్పలేదు?"

పెద్ద కోచ్ ప్యాడిల్‌ని అరచేతిలో తిప్పాడు. "ఏం చెప్పనురా? నువ్వు రోజూ ఈ కోర్టు ఊడ్చి, పెద్ద కోచ్ వస్తాడని కూర్చున్నావు. నాకు తెలీదనుకున్నావా? ఆయన ఇక రాడు. ఈ మోకాలితో ఆ ఆట రాదు. వస్తే ఈ కుంటివాడు వస్తాడు. వీణ్ణి చూసి నీ మొహం చిన్నబోతే తట్టుకోలేననిపించింది."

చిన్న కోచ్ ఒక అడుగు ముందుకేశాడు. ఏదో అనబోయాడు.

"కబుర్లు ఇంట్లో చెప్పుకోండి!" అని అరిచింది పళ్ల డాక్టరమ్మ.

చివరికి ఒక్క పాయింటు వస్తే ఆట వాళ్లదనే దాకా వచ్చింది. సర్వీస్ ఫిజియోది. తిరుగు బంతి తర్వాత నలుగురూ నెట్టు దగ్గరికి చేరారు. బంతి మెత్తగా అటూ ఇటూ గెంతుతోంది. ఎవరూ ఊపిరి తీసుకోవడం లేదు. కొట్టెయ్, దూకెయ్ అని చిన్న కోచ్ ఒళ్లంతా గోల పెడుతోంది. కాళ్లు మాత్రం కిచెన్ బయటే ఆగాయి. ఆ మాత్రం నేర్చుకున్నాడు.

అప్పుడు పెద్ద కోచ్ మణికట్టు చిన్నగా తిప్పాడు. బంతి కొడుకు తల మీదుగా లేచి వెనకమూలకి దిగింది. చిన్న కోచ్ వెనక్కి పరిగెత్తాడు. అందలేదు. బంతి పడింది, గెంతింది, కంచెకి తగిలి ఆగింది.

"అవుట్! అవుట్!" అన్నారు సెక్రటరీ గారు. ఆయన కళ్లు మూసుకునే ఉన్నారు.

టెన్నిస్ వాళ్లు గుక్కతిప్పుకోలేదు. బంతి బయట పడితే ఆట బతుకుతుంది, సర్వీస్ ఇటు వస్తుంది. పడిందెక్కడో అవతలి వాళ్లకి కనపడే వీలు లేదు. మధ్యలో అతని వీపు అడ్డం.

చిన్న కోచ్ వంగి బంతి తీశాడు. తెల్లటి బంతి మీద ఒకపక్క తడి తడిగా పసుపు మరక. సరిగ్గా అతని బూటు మీద పడ్డ రంగే. బొటనవేలితో తుడిస్తే పోతుంది. తుడిస్తే కోర్టు మిగిలే దారుంది. వేలు బంతి మీదే ఉంది.

అటు తిరిగి చూశాడు. నాన్న ఏమీ అడగలేదు. ఫిజియో కూడా అడగలేదు. ఇద్దరూ అతని మాట కోసం చూస్తున్నారు, అతనేం చెబితే అదే ఒప్పుకునేలా.

"గీత మీద పడింది," అన్నాడు గట్టిగా. "లోపలే. ఆట మీదే నాన్నా."

టెన్నిస్ వాళ్ల నోళ్లు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. సెక్రటరీ గారు "నిజమే సుమా" అనడం కూడా మర్చిపోయారు. పెద్ద కోచ్ నెట్టు దగ్గరికి వచ్చి, ప్యాడిల్ కింద పడేసి, పెద్దవాడైన కొడుకుని రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు.

"సారీ నాన్నా. ఆ మాట..."

"ఊఁ," అన్నాడు పెద్ద కోచ్. ఇన్నాళ్లలో ఇంత కమ్మటి ఊఁ అతని చెవిన పడలేదు.

"నేను పెద్ద కోచ్ కోసం ఊడవలేదు. మీకోసం ఊడ్చాను. ఎవరిగా వచ్చినా నాకు పర్లేదు."

పెద్దాయన మోకాలు ఇంత నొప్పినీ తట్టుకుంది కానీ, కళ్లు మాత్రం తట్టుకోలేదు. సరిగ్గా అప్పుడే వాన దబదబా దిగింది.

*

అందరూ షెడ్డు కిందకి పరిగెత్తారు. చిన్న కోచ్ వెళ్లి ఫిజియో పక్కన నిలబడ్డాడు. చూరు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. ఎదురుగా కోర్టు మీద పసుపు కరిగి పారుతోంది.

"మా నాన్న మీ పేషెంటని ఎందుకు చెప్పలేదు?"

"పేషెంట్ల సంగతులు బయట చెప్పకూడదు. పైగా ఆయన ఒట్టేయించుకున్నారు."

"అయితే నా నోరు ఫాస్టని చెప్పింది..."

"ఆయనే." ఫిజియో వాన వైపే చూస్తూ చెప్పింది. "మోకాలు వంచేటప్పుడు నొప్పి భరించలేకపోయేవారు. నొప్పి మర్చిపోతారని ఏదో ఒకటి చెప్పమనేదాన్ని. ఎప్పుడూ మీ గురించే చెప్పేవారు. చిన్నప్పుడు మీరు నెట్టులో చిక్కుకుని చేపలా కొట్టుకున్నది, ఓడిన పిల్లల్ని గెలిచిన పిల్లల కంటే ఎక్కువసేపు ఓదార్చేది, ఎవరూ లేనప్పుడు కోర్టు ఊడ్చేది. వింటూ వింటూ..."

"వింటూ?"

"చూడకుండానే పడిపోయా."

చిన్న కోచ్‌కి వాన చప్పుడు వినపడటం మానేసింది. ఈ కథలో అతను తిన్న షాకులన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు.

"మరి... మరి మొదటిరోజు అంత వెటకారంగా..."

"గీతలు గీయడానికి స్కూలు సెలవు రోజే ఎందుకు ఎంచుకున్నాననుకున్నారు? మామూలు రోజైతే మీరు పొద్దున్నే క్లబ్బుకి రారుగా."

అతను నోరు తెరిచాడు. మూశాడు. సర్వీస్ కంటే ఫాస్టైన నోరు అవసరానికి మొరాయించింది. చివరికి, "నువ్వు..." అన్నాడు. మీరు అనడం ఎప్పుడు మానేశాడో అతనికే తెలియలేదు. "నువ్వు ఆ దారం అవతలి కొస పట్టుకుంటే నేను జీవితమంతా ఇవతలి కొస పట్టుకుంటా. మేకు కంటే గట్టిగా."

ఫిజియో తల వంచుకుంది. చెంపలు ఎర్రబడ్డాయి. "మేకు కంటే పొడుగు కూడా," అంది.

వెనక నుంచి దగ్గు వినపడింది. పెద్ద కోచ్, అమ్మ ఎప్పటినుంచి అక్కడ నిలబడ్డారో తెలీదు.

"అమ్మాయ్," అన్నాడు పెద్ద కోచ్, "మావాడి బ్యాక్‌హ్యాండ్ కొంచెం వీకు. మిగతా అంతా పర్లేదు. ఆలోచించుకో."

"ఆలోచించేదేంటి, కాఫీ చల్లారిపోతోంది, ఇద్దరూ తాగండి," అంటూ అమ్మ ఒకే కప్పు నింపి ఇద్దరి మధ్యా పెట్టింది. ఆమెకి లెక్కలు బాగానే వచ్చు.

ఎండ వచ్చేసరికి కోర్టు కడిగిన పలకలా ఉంది. ఒక్క పసుపు గీత మిగల్లేదు. ఉన్నవి తెల్లగీతలే. సెక్రటరీ గారు బుర్ర గోక్కున్నారు. "ఇప్పుడు ఇది ఏ కోర్టు కింద లెక్క?"

చిన్న కోచ్ మాట్లాడకుండా వెళ్లి సుద్దరంగు కలిపాడు. బ్రష్షు ముంచి, మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఫిజియో దారం లాగి పట్టుకుంది. కంచె అవతల టెన్నిస్ వాళ్లు గుడ్లప్పగించి చూస్తుండగా మొదటి గీత మొదలైంది. కాస్త వంకరగానే వచ్చింది. తర్వాత తిన్నగా సాగింది.

అంతలో ప్యాడిల్ ఊపుకుంటూ పెద్ద కోచ్ కోర్టులోకి బయల్దేరాడు. ఇంకో ఆట ఆడాలని ఉబలాటం. వెనకే అమ్మ. ఆమె చేతిలోనూ ఒక ప్యాడిల్ ఉంది! అది ఎప్పుడు కొన్నదో, ఎన్నాళ్ల నుంచి ఆడుతోందో అడిగే ఓపిక చిన్న కోచ్‌కి లేదు. ఒక్క రోజుకి ఇన్ని షాకులు చాలు.

తల కూడా ఎత్తకుండా అరిచాడు.

"నాన్నా, తొక్కకండి! ఇంకా ఆరలేదు!"